ఎరెక్థియమున అలంకారశిల్పము

గ్రీకుల దేవాలయశిల్పమును గూర్చి వ్రాసిన విమర్శకులలో పెక్కుమంది ఒక విభాగమును ముందుగానే అంగీకరించి పని మొదలుపెట్టుదురు. దేవతలను, మనుష్యులను, అశ్వములను చెక్కినది శిల్పము. ఆకులను, పూవులను, పూసలవరుసలను చెక్కినది అలంకారము. మొదటిదానికి కర్త పేరు వెదకుదురు, కాలము నిర్ణయింతురు, భావమును చర్చింతురు. రెండవదానికి గ్రంథము చివర నాలుగు పుటలును, కొన్ని రేఖాచిత్రములును చాలునని తలంతురు. ఈ విభాగము పార్థెనానునకు కొంత యొప్పవచ్చును. అదే ఆక్రోపోలిసు మీద, పార్థెనానునకు ఉత్తరముగా నున్న ఎరెక్థియమునకు మాత్రము బొత్తిగా పొసగదు. అచ్చట ఆకృతిశిల్పము ముక్కలై, సామాన్యమనిపించుకొని, మ్యూజియములో నున్నది. ఆకులు, పూవులు చెక్కిన పట్టికలు గోడల మీద నేటికిని నిలిచి చూచినవారి చూపు నాపుచున్నవి. ప్రధానమేదో, అప్రధానమేదో ముందే నిర్ణయించుకొని వచ్చిన విమర్శ ఈ కట్టడము నెదుట తడబడుట సహజము.

అలంకారమునకును, అలంకార్యమునకును గల సంబంధమేమను ప్రశ్న సాహిత్యజ్ఞులకు క్రొత్తది కాదు. మమ్మటుడు అలంకారములను హారాదులతో పోల్చెను. హారము దేహమునకు శోభ నిచ్చును. తీసివేసినను దేహము దేహముగానే యుండును. ఆనందవర్ధనుడు ఇంకొక మెట్టు పైకిపోయి, కవి రసమునందే లగ్నుడై యుండగా వేరు ప్రయత్నము లేకయే పుట్టిన అలంకారమును మేలైనదిగా నెంచెను. దానికే అపృథగ్యత్ననిర్వర్త్యమని పేరు. ఎరెక్థియము గోడల మీది పూలవరుస హారము వంటిదా, లేక ఈ రెండవజాతికి చెందినదా? ఆ కట్టడము గుణదోషములను గూర్చిన తీర్పంతయు దీనికి చెప్పు సమాధానము మీద నాధారపడియున్నది.

కట్టడము క్రీ. పూ. 421 ప్రాంతమున ఆరంభమై, నడుమ నిలిచిపోయి, 409లో మరల సాగి, 406 నాటికి ముగిసినదని సామాన్యముగా చెప్పుదురు. అది పెలొపొనీసియను యుద్ధకాలము. 413లో సిసిలీలో సేనయు, నౌకలును నశించిన పిమ్మట గూడ ఏథెన్సు ప్రజలు ఈ పనిని విడువలేదు. స్థలము మిక్కిలి చిక్కైనది. తూర్పున నేల ఎత్తు. ఉత్తరమునను, పడమటను సుమారు మూడు మీటర్లు పల్లము. ఆ మిట్టపల్లముల నడుమనే నగరపు ప్రాచీన పూజాస్థానములన్నియు నున్నవి. ఆథీనాదేవి పురాతన దారువిగ్రహము, పొసైడను త్రిశూలముతో పొడిచెనను గుర్తు, ఉప్పునీటి బావి, కెక్రాప్సు సమాధి, వీనిలో దేనిని కదల్చుటకును వీలులేదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో ఆ చోటు చూచిన పౌసానియసు, దక్షిణపు గాలి వీచునపుడు బావిలో అలల చప్పుడు వినబడునని వ్రాసెను. గోడల మీది పనితనమును గూర్చి మాత్ర మొక మాటయైన వ్రాయలేదు. యాత్రికుల కన్ను ఎప్పుడును అట్టిదే.

ఇట్టి స్థలమున సమరూపమైన ఆలయము కట్టుట సాధ్యము కాదు. పార్థెనానునకు నాలుగు దిక్కుల నొకే విధమైన స్తంభపఙ్క్తి యున్నది. ఎటు చూచినను కట్టడ మొక్కటియే యని కన్ను నమ్మును. ఎరెక్థియమునకు తూర్పున ఆరు స్తంభముల ముఖమండప మొకటి. ఉత్తరమున పల్లములో, అంతకంటె ఎత్తైన స్తంభములతో మరియొకటి. దక్షిణమున స్తంభములకు మారుగా ఆరుగురు కన్యల విగ్రహములు మోయుచున్న చిన్న మండపము. పడమట ఎత్తైన తలముపై గోడలో నిమిడిన స్తంభములు. ఒక్కొక్క ముఖమునకు ఒక్కొక్క ఎత్తు, ఒక్కొక్క పరిమాణము. పటము మాత్రమే చూచినవారికి ఇది నాలుగు కట్టడములను ఒకచోట చేర్చినట్లుండును. కట్టడము నెదుట నిలిచినవారికి అట్లు తోచదు. తోచకుండుటకు ప్రధానకారణము అలంకారమే.

తూర్పుమండపపు స్తంభములకు బోదిక క్రింద, చాళ్లు ముగిసిన చోట, మెడవంటి పట్టి యొకటి కలదు. దానిపై విసనకర్ర వలె విచ్చుకొన్న తాళపత్రగుచ్ఛమొకటి, తామరపువ్వొకటి, మరల గుచ్ఛమొకటి, ఇట్లు చుట్టును సాగు వరుస చెక్కిరి. వీని క్రింద మెలికలు తిరిగిన తీగ రెంటిని కలుపుచుండును. గ్రీకులు దీనిని ఆంథెమియము, అనగా పూలవరుస, అందురు. అయోనికు స్తంభమునకు ఇట్టి మెడపట్టీ సర్వసామాన్యము కాదు. దీని నిచ్చట ఏల పెట్టిరో గోడ చూచిన తెలియును. అదే పూలవరుస గోడచివరి స్తంభాకృతి మీదికి, అచ్చటినుండి గోడ పైయంచు మీదికి సాగి, దూలము క్రిందుగా కట్టడమును చుట్టుచున్నది. స్తంభమునకును, గోడకును స్వభావముననే విరోధము కలదు: ఒకటి విడిగా నిలుచును, ఇంకొకటి మూసివేయును. ఆ రెండును ఒకే బరువును మోయుచున్నవను భావమును ఈ పట్టిక కలిగించుచున్నది. ఉత్తరమండపము పల్లమున నున్నను, అక్కడి స్తంభముల మెడలయందును ఆ వరుసయే వినిపించును. సంగీతమున పల్లవి మరల వచ్చినట్లు, స్థాయి మారినను పాట మారలేదని కన్ను గుర్తించును. ఈ పట్టికను మనస్సులో తీసివేసి చూచినచో మిగిలినది శోభ తగ్గిన కట్టడము కాదు; విడిపోయిన కట్టడము. మమ్మటుని హారోపమానము ఇచ్చట చెల్లకుండుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

పూలవరుస పైనను, క్రిందను చెక్కిన చిన్న వరుసలకు గూడ ఒక నియమము కలదు. గ్రీకు అలంకారశిల్పమునకు ప్రాణమనదగిన నియమమిదియే. అంచు ఏ వంపుతో నున్నదో, దాని మీది చెక్కడము ఆ వంపునే మరల చెప్పును. ఉబ్బి క్రిందికి వంగిన అంచుపై గ్రుడ్లును, వాని నడుమ బాణపు మొనలును చెక్కుదురు. గ్రుడ్డు రూపమున ఆ యంచు వంపే కనబడును. పైన ఉబ్బి క్రింద లోనికి పోవు జంటవంపు అంచుపై కొనదేలిన ఆకుల వరుస. ఆకు వెన్ను ఆ జంటవంపునే అనుసరించును. సన్నని గుండ్రని అంచుపై పూసలు, బిళ్లలు. పీఠముననున్న లావైన గుండ్రని వరుసపై జడ అల్లిక. పక్కనుండి కోసి చూచిననే తప్ప తెలియని రేఖ ఎదుటినుండి చూచువానికి ఈ విధముగా తెలియుచున్నది. భారతీయ శిల్పశాస్త్రమున అధిష్ఠానపు వరుసలకు పద్మము, కుముదము, కపోతమని పేరులుండుట ఎరిగిన పాఠకునకు ఈ సంగతి సులభగ్రాహ్యము: అచ్చటను అంచు వంపునకే పూవు పేరు, పక్షి పేరు వచ్చినవి. ఈ పోలిక వలన ఒకరినుండి యొకరు నేర్చిరని చెప్పుటకు వీలులేదు. రాతి యంచును చూచిన శిల్పి యెక్కడివాడైనను దానిలో నొక ప్రాణిని చూచునని మాత్రము గ్రహింపవచ్చును.

గ్రుడ్ల వరుస క్రింద పూసల వరుస వచ్చునపుడు, ఎరెక్థియము శిల్పులు ఒకదాని నింకొకదానితో సరిగా దింపిరి. గ్రుడ్డు నడిమి రేఖయు, క్రింది పూస నడిమి రేఖయు కలియును. ఇది చెప్పుటకు సులభము. పొడవైన గోడ మీద, వేరువేరు రాళ్లపై, వేరువేరు చేతులతో సాధించుట కష్టము. మూల తిరుగుచోట గ్రుడ్డు సగమునకు తెగకుండ ఆకునో, తాళపత్రగుచ్ఛమునో అడ్డముపెట్టి వరుసను నేర్పుగా త్రిప్పుదురు. బోదిక రెండు చుట్టల క్రింద చివరి గ్రుడ్లను కప్పుచు వ్రాలు చిన్న గుచ్ఛములు గూడ ఇట్టివే. అలంకారము సందిగ్ధములో పడు తావులివి. శిల్పి శక్తి యెంతయో పరీక్షించుటకు వరుస నడిమి భాగము చాలదు, మూలను చూడవలెను.

ఈ నియమము ఎరెక్థియముతో పుట్టినది కాదు. సుమారు నూరేండ్లకు ముందు, క్రీ. పూ. 525 ప్రాంతమున, సిఫ్నోసు ద్వీపవాసులు డెల్ఫీ క్షేత్రమున కట్టిన కోశమందిరమున అది స్పష్టముగా నున్నది. ఆ ద్వీపమున వెండిబంగారు గనులుండెను. వాని ఆదాయమున పదియవ పాలు అపోలోకు సమర్పించిరని హెరొడోటసు చెప్పెను. కానుక నిలిపివేయగా గనులను సముద్రము ముంచెనని పౌసానియసు విన్న కథ. మందిరము చిన్నది. దాని ముఖమున రెండు స్తంభములకు బదులు ఇద్దరు కన్యలు. ద్వారబంధము చుట్టును, చిత్రపట్టికకు పైనను, క్రిందను గ్రుడ్లు, పూసలు, ఆకులు మిక్కుటముగా నున్నవి. చిన్న కట్టడమునకు పెద్ద అంచులు తొడుగుటచే ఐశ్వర్యప్రదర్శనము కొంత మించినదనిపించును. కానుక గనుక అది క్షమింపదగినదే. ఉత్తరపు పట్టికలో నొక రాక్షసుని డాలు మీద శిల్పి తన పని ఇంతయని చెక్కుకొనెను. పేరున్న భాగము మాత్రము చెడిపోయినది. అంచులు చెక్కినవాడు తన పేరు చెక్కుటకు ప్రయత్నించిన జాడయే లేదు. ఆకృతికిని, అలంకారమునకును గౌరవభేదము ఆనాడే కలదని దీనిచే వాదింపవచ్చును. ఎరెక్థియపు లెక్కలు ఆ వాదమును చాలవరకు దెబ్బతీయుచున్నవి.

ఆ లెక్కలు పాలరాతి పలకలపై చెక్కబడి, ముక్కలుగా దొరకినవి. క్రీ. పూ. 409-408 సంవత్సరమున ఏథెన్సు సభ ఒక సంఘమును నియమించి, నిలిచిపోయిన పని ఏ స్థితిలో నున్నదో పరీక్షింపజేసెను. ఏ రాయి పెట్టబడినది, ఏది నేలమీద పడియున్నది, ఏ స్తంభమునకు ఇంకను చాళ్లు తీయలేదు, ఇవన్నియు అందు వరుసగా వ్రాయబడినవి. దక్షిణమండపపు విగ్రహములను ఆ పత్రము కేవలము కన్యలని పిలిచినది. కారియాటిడులను పేరును, పారసీకులతో చేరి ద్రోహము చేసిన కారియై పట్టణపు స్త్రీలకు శిక్షగా ఆ రూపము కల్పించిరను కథయు, నాలుగువందల యేండ్లకు పిమ్మట విట్రూవియసు వ్రాసినవి. కట్టినవారి పత్రమున లేని దాస్యమును ఆ ముఖములయందు చదువుట తగదు. వారి తలలపై బోదికలకును గ్రుడ్ల వరుస, పూసల వరుస కలవు. స్తంభము చేయు పనియే వారును చేయుచున్నారని ఆ చిన్న వరుస సూచించుచున్నది.

తరువాతి సంవత్సరముల లెక్కలలో చెల్లింపులు కలవు. చిత్రపట్టికకు ఎలియూసిసు నల్లరాతిని వెనుక పెట్టి, తెల్లని పాలరాతి బొమ్మలను విడివిడిగా చెక్కి, లోహపు చీలలతో దానికి బిగించిరి. ఒక్కొక్క బొమ్మకు 60 ద్రాక్మాలు. కెఫిసియా వాడైన ఫైరోమాకసు కవచము ప్రక్కనున్న యువకునికి 60 పుచ్చుకొనెను. మెలితేలో నివసించు ప్రాక్సియసు ఒక గుఱ్ఱమునకును, దాని వెనుక నిలిచి కొట్టుచున్న మనిషికిని 120 పుచ్చుకొనెను. రథము, యువకుడు, పూన్చబడుచున్న రెండు గుఱ్ఱములు, వీనికి అంటిఫానీసునకు 240. లెక్క సరిగా బొమ్మకింతయని నడచినది. దేవుడని యెక్కువ లేదు, గుఱ్ఱమని తక్కువ లేదు. ఈ బొమ్మ ఏ దేవతదో, ఏ కథలోనిదో లెక్కలు చెప్పవు. చేసినవారికి అది కవచము ప్రక్కనున్న పిల్లవాడు, అంతియే.

ఇక అలంకారమునకు చెల్లించినవి చూడదగియున్నవి. లోకప్పు గళ్లకు వలసిన పువ్వునకు మైనపు మచ్చు చేసిన నేసియసునకు 8 ద్రాక్మాలు. అదే కప్పునకు అకాంథసు ఆకు మచ్చు చేసిన అగథానోరునకు 8. పుష్పాలంకారములకు బంగారు పూత పూయుటకై మెలితేలో నివసించు అడోనిసు అను వానియొద్ద 166 బంగారు రేకులు, రేకొక ద్రాక్మా చొప్పున కొనిరి. లోపలి దూలముపై అంచును మైనపురంగులతో వ్రాసిన డయొనిసొడోరసునకు అడుగునకు 5 ఒబోలుల చొప్పున గుత్త యిచ్చి, హెరాక్లిడీసు అనువానిని పూచీగా నిలిపిరి. ఆరు ఒబోలు లొక ద్రాక్మా. సామాన్యముగా దినకూలి ఒక ద్రాక్మా. ఆ దినములలో పని నడిపించిన స్థపతి ఆర్కిలోకసునకు 37 దినములకు 37 ద్రాక్మాలే ముట్టినవి; ఉపలేఖకుడు పైర్జియానునకు అన్ని దినములకు 30 ద్రాక్మాల 5 ఒబోలులు. స్థపతి ఐదుమాసములకు మించి పనిచేసిననే గాని ఆ బంగారు రేకుల వెల రాదు. లెక్కల ప్రతులు వ్రాసికొనుటకు కొన్న రెండు పపైరసు తావులకు 2 ద్రాక్మాల 4 ఒబోలు లైనవి. ఒక తావు కాగితము ఒక దినపు కూలికంటె ప్రియమైన కాలమున, ఈ లెక్కలను మొదట తావులపైనను, పిదప రాతిపైనను ఎక్కించి ప్రజల యెదుట నిలిపిరి.

యుద్ధకాలమున, కోశము ఖాళీ యగుచుండగా, ఆకుల మీద బంగారము పూయుట వింతగా తోచును. కొంచెమించుమించుగా ఆ సంవత్సరములలోనే ఏథెన్సువారు ఆక్రోపోలిసు మీది విజయదేవతల స్వర్ణవిగ్రహములను కరగించి నాణెములు వేసికొనిరి. దేవతలను కరగించినవారు పువ్వులకు పూత పూసిరన్నమాట. అలంకారము వారికి మిగులుబడి సొమ్ముతో చేయు విలాసమైనచో, మొదట నిలిపివేయవలసినది అదియే. నిలుపలేదు. ఆలయము పూర్తి యగుట యనగా పువ్వు పూర్తి యగుటయే యని వారు తలంచిరనుటకు ఇది సాక్ష్యము.

లెక్కలలో పేరున్న పనివారిలో 86 మంది సామాజికస్థితి తెలియుచున్నది: 24 మంది పౌరులు, 42 మంది పరదేశులై స్థిరపడినవారు, 20 మంది బానిసలు. తూర్పు స్తంభములకు చాళ్లు తీసినవారిలో అలోపెకెలో నివసించు సిమియసు తన బానిసలతో గూడ ఒకే స్తంభముపై పనిచేసెను; చెల్లింపు తలకు సమానమే. బానిస పేర వ్రాసిన కూలి యజమానుని చేతికే పోయియుండును; దానిని సమత్వమని మెచ్చుకొనుట పొరపాటు. అయినను ఒక సంగతి మిగిలియున్నది. నిలువెత్తున ఎక్కడను తెగక, వెడల్పు మారక దిగు ఆ చాళ్లలో ఏది యజమానిది, ఏది బానిసది అని నేడెవరును చెప్పజాలరు. పని యంతగా ఒకటైనది. ఆకృతిశిల్పమునకు పేరు వెదకు విమర్శ ఇచ్చట నిరాశ చెందును. ఆ నిరాశ కట్టడపు దోషము కాదు.

బొమ్మకింతయని చెల్లించుటచేతనే చిత్రపట్టిక సామాన్యమైనదని కొందరందురు. ఈ కారణము నిలువదు. అడుగున కింతయని చెల్లించిన అంచులు అట్లు కాలేదు. కారణము వేరొకటి. నల్లని రాతిపై తెల్లని బొమ్మలను అంటించు పద్ధతిలో, బొమ్మకును వెనుక రాతికిని పుట్టుకతో వచ్చిన సంబంధము లేదు. చీల యొక్కటియే సంబంధము. చీల సడలినంతనే బొమ్మ రాలినది. రాలిన బొమ్మల వెనుకభాగములు చదునుగా మిగిలియున్నవి. పూలవరుస యట్లు కాక, గోడరాతినే తొలిచి తీసినది; రాయి యున్నంతవరకు అది యున్నది. ఎరెక్థియమున హారము వలె తొడిగినది ఆకృతిశిల్పము, దేహములో పుట్టినది అలంకారము. సామాన్యముగా చెప్పు విభాగము ఇచ్చట సరిగా తలక్రిందైనది.

రంగును గూర్చి చెప్పకున్న ఈ విచారణ అసంపూర్ణము. ఉత్తరమండపపు బోదికలలో, రెండు చుట్టల నడుమ జడ అల్లిక వరుస యొకటి కలదు. ఆ యల్లిక కన్నులలో రంగురంగుల గాజుపూసలు పొదిగిరి; చుట్టల నడిబొడ్డులకు బంగారపు పూత. అంచులకు మైనపురంగులని లెక్కలే చెప్పుచున్నవి. వింకెల్మాను 1764లో ప్రకటించిన కళాచరిత్రమున, దేహమెంత తెల్లనిదైన అంత అందమని నిర్ణయించెను. ఆయన గ్రీసుదేశము నెన్నడును చూచినవాడు కాడు. పందొమ్మిదవ శతాబ్ది మొదటి భాగమున కాట్రమేరు, హిటార్ఫు, సెంపరు మొదలగువారు రంగుల సంగతి బయటపెట్టినను, తెల్లని గ్రీకు ఆలయమను భావము తొలగుటకు చాలకాలము పట్టినది. 1930ల చివర బ్రిటిషు మ్యూజియమున పార్థెనాను శిల్పములను తెల్లబరచుటకై రాపిడి సాధనములతో గీకిరి; ఆ భావము ఎంతవరకు పోయెనో దీనిచే తెలియును. 2009లో ఆ శిల్పములపైననే పూర్వపు నీలివర్ణపు జాడలు క్రొత్త పరీక్షాపద్ధతిచే బయటపడినవి. ఎరెక్థియమును నిగ్రహమునకు నిదర్శనముగా మెచ్చుకొను వాక్యములు తరచుగా కనబడును. రంగు వాన కడిగినది, బంగారము దొంగలు గీకినది, గాజు రాలినది. మిగిలిన తెలుపును శిల్పి నిగ్రహమని మెచ్చుట కాలము చేసిన పనికి శిల్పిని సన్మానించుటయే.

పూలవరుసలోని ఆకును గూర్చి పండితులలో నొక పెద్ద వివాదము కలదు. విట్రూవియసు చెప్పిన కథ అందరెరిగినదే: కొరింథు నగరమున మరణించిన బాలిక సమాధిపై దాది యొక బుట్ట పెట్టి పెంకు మూసెను, దాని క్రిందనున్న అకాంథసు మొక్క చిగిర్చి బుట్టను చుట్టుకొనెను, అటు పోవుచున్న కల్లిమాకసు దానిని చూచి క్రొత్త బోదికను కల్పించెను. గుడియరు 1891లో గ్రీకు అలంకారమునకెల్ల మూలము ఐగుప్తు తామర యని వాదించెను. 1893లో రీగ్లు, అకాంథసు మొక్కను చూచి చెక్కినది కాదనియు, పూర్వపు తాళపత్రగుచ్ఛమే చదును వదలి పొడుచుకొని వచ్చి ఆకుగా మారెననియు నిరూపింప యత్నించెను. ఆయన సాక్ష్యములలో ఎరెక్థియపు పూలవరుస ముఖ్యము. అచ్చట తీగ చీలు కణుపులయందు చిన్న ఆకు పుట్టుచున్నది. అది మొక్క ఆకునకు నకలు కాదు, కణుపును కప్పు తొడిమ.

రీగ్లు వాదము బలమైనది. విట్రూవియసు కథకంటె నమ్మదగినది. కాని పైని లెక్కలలో నొక మాట కలదు. మైనపు మచ్చు చేసిన అగథానోరు పనికి లేఖకుడు పెట్టిన పేరు అకాంథసే. రూపము ఏ వంశమున పుట్టినను, క్రీ. పూ. 408 నాటికి పనివారు దానిలో కొండచరియల మీది ముండ్ల మొక్కను చూచుచుండిరి. వంశచరిత్ర వేరు, పేరు వేరు. సంప్రదాయము నుండి వచ్చిన రూపము చేతిలో నుండగా ఎదుటి మొక్క దానికి పేరయ్యెను. పేరైన పిమ్మట రూపమును ఆ మొక్కవైపు లాగెను. తరువాతి శతాబ్దమున ఎపిడారసు వృత్తమందిరపు బోదికలలో ఆకు నిజముగా మొక్క ఆకు వలె ముడతలు పడి బయటికి వ్రాలుచున్నది. రీగ్లు చెప్పిన మార్పునకు ఈ పేరు కూడ నొక హేతువై యుండవచ్చునని ఆయన శిష్యులు తగినంతగా విచారింపలేదు.

కల్లిమాకసునకు ఎరెక్థియముతో వేరొక సంబంధము గూడ కలదు. ఆథీనా విగ్రహము ముందు వెలుగు బంగారు దీపమును, పొగను పైకప్పునకు చేర్చు ఇత్తడి తాళవృక్షమును చేసినవాడతడని పౌసానియసు వ్రాసెను. దీపమున సంవత్సరమునకొకసారి నూనె పోసిన చాలునట. రాతిని బర్మాతో తొలుచుట మొదట కనిపెట్టినవాడును అతడే యనియు చెప్పెను. మితిమీరిన శ్రద్ధచే పని యందలి సొగసును పోగొట్టుకొనునని ప్లినీ యతనిని నిందించెను. ఎరెక్థియము మీద ఆధునికులు మోపు నింద గూడ ఇదియే: అలంకారము మిక్కుటమని. ఉత్తరపు ద్వారబంధము విషయమున దీనిలో కొంత సత్యము లేకపోలేదు. అచ్చట పువ్వుల బిళ్లలు ఒకదాని ప్రక్క నొకటిగా ఎక్కడను విరామము లేక సాగినవి. రోమకుల కాలమున మరమ్మతు చేసిన భాగములు కలియుటచే మొదటి చేతిని, తరువాతి చేతిని వేరు చేసి తీర్పు చెప్పవలసియున్నది. ఇతరచోట్ల నింద చెల్లదు. పూలవరుస క్రింద గోడ అంతయు నునుపైన శూన్యమే. ఆ శూన్యము లేకున్న వరుసకు విలువ లేదు, వరుస లేకున్న శూన్యము ముగియదు. దక్షిణమండపమున దూలము పైభాగమున చెక్కని గుండ్రని బిళ్లలు మిగిలియున్నవి; పువ్వులుగా తీర్చదలచి విడిచినవని కొందరి యూహ. ఊహ నిజమైనచో, విడిచివేయుటయే మేలైనది. కన్యల తలల పైన ఆ మాత్రపు నెమ్మది కావలసినదే.

మిక్కుటమన నేమో తెలియుటకు రోమకుల నకళ్లు చూడవలెను. క్రీ. పూ. 27 తరువాత పార్థెనానునకు తూర్పున రోమాదేవికిని, అగస్టసునకును కట్టిన చిన్న వృత్తమందిరమున తొమ్మిది స్తంభములు ఎరెక్థియపు స్తంభములను చూచి చెక్కినవే. వరుసలన్నియు కలవు, లెక్క తప్పలేదు. కాని వంపునకును చెక్కడమునకును గల అనుబంధము సడలి, వరుస వరుసగా మాత్రమే మిగిలినది. రోములో అగస్టసు చతుష్కము పైయంతస్తున కన్యల నకళ్లను బారులు తీర్చి నిలిపిరి. అచ్చట వారు మోయునది రాజవైభవము. హారోపమానము చెల్లు తావులు నిజముగా ఇవియే.

ఎరెక్థియమును సమగ్రముగా కొలిచి, పటములు గీసి, లెక్కల శాసనములతో సహా అమెరికా పండితులు 1927లో ఒక పెద్ద గ్రంథముగా ప్రకటించిరి. స్టీవెన్సు గీసిన పటములలో ఒక్కొక్క అంచు కోతయు, దాని మీది చెక్కడమును ప్రక్కప్రక్కన నుండుటచే పైని నియమమును ఎవరైనను స్వయముగా పరీక్షించుకొనవచ్చును. అంచుల విషయమున ఆ పటములు పుటల కొలది వర్ణనలకంటె మేలు.

కట్టడము పొందిన పాట్లు చాల. 1827లో ఆక్రోపోలిసు ముట్టడియందు ఉత్తరమండపము కూలినది. 1902 మొదలు 1909 వరకు బలానోసు దానిని మరల నిలబెట్టుచు ఇనుపకడ్డీలు వాడెను. అవి త్రుప్పుపట్టి ఉబ్బి రాళ్లను చీల్చినవి. 1979 మొదలు 1987 వరకు జరిగిన జీర్ణోద్ధరణమున ఇనుమును తీసివేసి టైటేనియము పెట్టిరి. నగరపు పొగకు పాడగుచున్న ఐదుగురు కన్యలను 1979లో లోనికి తరలించిరి. 2009లో తెరచిన క్రొత్త మ్యూజియమున నేడు వారు ఆరవదాని స్థానమును ఖాళీగా విడిచి నిలిచియున్నారు. ఆ యారవ కన్యను పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున ఎల్గిను ప్రభువు మనుష్యులు ఇంగ్లాండునకు తీసికొనిపోయిరి. 1816 నుండి అది బ్రిటిషు మ్యూజియమున నున్నది. దానిని గూర్చిన వాదములు అందరెరిగినవే. వానిలో అంతగా వినబడనిది తూర్పుమండపపు ఉత్తరపు చివరి స్తంభము సంగతి. దానిని, దాని పైని దూలపు ముక్కలను, గోడమీది పూలవరుసలో కొన్ని ఖండములను గూడ వారు తీసికొనిపోయిరి. స్తంభమున్న చోట నేడు నకలు నిలిచినది. మెడపట్టీ మీది తామరలు లండనులో నున్నవి; అవి ప్రక్కగోడ మీద కొనసాగవలసిన చోటు ఏథెన్సులో నున్నది.